ఆరని గట్టు

ఖతర్‌లో మూడున్నరేళ్ళు ఈతకొలను చూసుకున్న బుచ్చన్నకు ఈత రాదు. నవ్వకండి. కొలను చూసుకోవడానికి ఈత దేనికి? చీపురు కావాలి, వైపర్ కావాలి, ఆకులు తీసే వల కావాలి, వీటన్నిటి కంటే ఓపిక కావాలి. ఆ ఓపిక బుచ్చన్న దగ్గర కావలసినంత ఉంది. చివరికి అతని కొంప ముంచింది కూడా అదే.

ఊరు ఆర్మూరు పక్కన. పసుపు, వరి పండించే ఇల్లు. భవనాలు కట్టే కంపెనీలో పని అని ఏజెంటు చెబితే, కడుపుతో ఉన్న భార్య గంగామణిని అన్నావదినల దగ్గర వదిలి విమానం ఎక్కాడు. తీరా దిగాక కంపెనీ లేదు, భవనాలు లేవు. ఒక తెల్ల బండి వచ్చి అతన్ని దేశం ఉత్తరపు కొసన, మదీనత్ అల్ షమాల్ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఇంటి ముందు దింపింది. అర్బాబ్ అంటారక్కడ యజమానిని. అది అర్బాబ్ వాళ్ళు చలికాలంలో గురువారం గురువారం వచ్చి శుక్రవారం సాయంత్రం వెళ్ళిపోయే ఇల్లు. మిగతా ఐదు రోజులూ ఆ ఇంట్లో బుచ్చన్న, నాలుగు ఖర్జూరం చెట్లు, ఒక స్విమ్మింగ్‌పూల్. అంతే.

గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదనుకున్నారు? బుచ్చన్న మొలతాడుకే. కావాలంటే ఏ క్షణమైనా తలుపు తీసి బయటికి నడవొచ్చు. నడిచి ఎక్కడికి పోతాడు? ముందు ఇసుక, వెనక ఉప్పునీళ్ళు. పాస్‌పోర్టు దోహాలో అర్బాబ్ బీరువాలో ఉంది. దేశం దాటాలంటే అర్బాబ్ సంతకం పెట్టిన ఎగ్జిట్ కాయితం ఉండాలి. ఆ సంతకం కోసమే బుచ్చన్న ఏడాదిన్నరగా ఎదురు చూస్తున్నాడు. మొదట ఎండాకాలం పోనీ అన్నారు. తరువాత కొత్త మనిషి దొరకనీ అన్నారు. తొంభై ఆరు నవంబరులో మాత్రం అర్బాబ్ తనంత తానే భుజం తట్టి, జనవరి మొదటి వారంలో వెళ్ళు, రెండు నెలలు ఉండి రా అన్నాడు. ఆ రోజు బుచ్చన్న అన్నం కూడా వండుకోలేదు. సంతోషంతో ఆకలే వేయలేదు.

అంత ఆత్రం దేనికంటే, ఒక కేసెట్టుంది. షమాల్‌లో బడి కడుతున్న చోట పనిచేసే పక్కూరి మేస్త్రీ సెలవు నుంచి వస్తూ తెచ్చిచ్చాడు. ఒక పక్కంతా గంగామణి మాటలే. రెండో పక్క తిప్పితే బిడ్డ మమత గొంతు. బుచ్చన్న వచ్చేశాక ఐదు నెలలకు పుట్టిన పిల్ల. ఇప్పుడు మూడేళ్ళు. తండ్రి ఆ పిల్లను చూడలేదు, ఆ పిల్ల తండ్రిని చూడలేదు.

"మీ నాయినతోని మాట్లాడు బిడ్డా," అంటుంది గంగామణి కేసెట్టులో.

"నాయిన చేన్లకు పోయిండు," అంటుంది పిల్ల.

"ఆయన పెద్దనాయినే. మీ నాయిన దుబాయ్‌ల ఉన్నడు గద."

ఆ ఊళ్ళో ఏ గల్ఫు దేశమైనా దుబాయే. ఎక్కడో గేదె అరుస్తుంది. తరువాత పిల్ల, "గాయన దుబాయ్ నాయిన. నాయిన చేన్ల ఉన్నడు," అంటుంది, తల్లికి బుద్ధి చెప్పినట్టు.

గంగామణి నవ్వేసింది. బుచ్చన్నకు నవ్వు రాలేదు. అన్న మంచివాడు. ఎత్తుకుంటాడు, సంతకు తీసుకుపోతాడు, జ్వరమొస్తే ఆస్పత్రిలో కూర్చుంటాడు. అందులో అన్న తప్పేమీ లేదు. తప్పు ఎవరిదో తెలిస్తే కనీసం తిట్టుకోవడానికైనా ఉండేది. ఈ జనవరిలో వెళ్తే పిల్ల ఇంకా అలవాటు మార్చుకునే వయసులోనే ఉంటుంది. ఇంకో ఏడాది ఆగితే ఆ పిలుపు రాయిలా గట్టిపడిపోతుంది. ఇదీ బుచ్చన్న లెక్క.

ఇక గట్టు సంగతికి వస్తాను.

ఎడారి అంటే అందరూ ఎండే అనుకుంటారు. డిసెంబరు తెల్లవారుజామున ఆ సముద్రపు ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. గోడలు చెమర్చి ఉంటాయి, గేటు నుంచి నీళ్ళు కారుతుంటాయి. కొలను చుట్టూ పరిచిన నున్నటి రాతి పలకల మీద తడి చేరి, పలకల సందుల్లో పచ్చగా పాకుడు పడుతుంది. డిసెంబరు రెండో గురువారం అర్బాబ్ తల్లి ఆయేషా చేతికర్రతో ఆ గట్టు మీద నడుస్తూ కాలు జారింది. కుర్చీ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒకసారి తుంటి విరిగి అతికించుకున్న మనిషి. ఎండలో కొలను పక్కన కూర్చుని కాళ్ళు చాపుకోవడం కోసమే ఆవిడ దోహా నుంచి అంత దూరం వచ్చేది. బుచ్చన్న ఆవిడను అరబ్బీలో 'యుమ్మా' అని, అంటే అమ్మా అని, పిలిచేవాడు. ఆవిడ కూడా ఇంట్లో వండిన ముద్ద అతనికి పెట్టనిదే నోట పెట్టుకునేది కాదు.

అర్బాబ్ కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది. నెమ్మదిగా, హిందీలో, "బుచ్చన్, మా గిరేగీ తో ఛుట్టీ మాఫీ," అన్నాడు. అమ్మ పడిందంటే సెలవు లేదు; అక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదని. అంత తేలిక మాట.

సెలవుకు ఇంకా మూడు వారాలు. మూడు గురువారాలు ఆ గట్టు మీద ఆవిడ జారకుండా నడవాలి.

చీపురుతో గీకాడు, గుడ్డతో తుడిచాడు. పొద్దున తుడిస్తే మరునాటి పొద్దుటికి మళ్ళీ తడి. అప్పుడు కంటపడ్డాయి సామాన్ల గదిలోని సంచులు. అర్బాబ్ తమ్ముడు కెనడాలో చదువు, మకాం ముగించుకుని వస్తూ ఇల్లంతా ఊడ్చి పెట్టెల్లో పంపించాడు. పెట్టెల్లో పట్టనివన్నీ ఈ ఇంటికి చేరాయి. వాటిలో రెండు పసుపుపచ్చ సంచులు. లోపల తెల్లటి గుండ్రటి పూసలు. సంచి మీద ఇంగ్లీషు రాత. బుచ్చన్నకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. బొమ్మ మాత్రం ఉంది. బొమ్మలో మెట్లు, మెట్ల మీద తళతళా మెరుస్తున్న తడి, ఆ తడి మీద బూట్లు వేసుకుని నిటారుగా నిలబడి నవ్వుతున్న మనిషి.

ఇంక చదవడానికి ఏముంది? ఇది జారకుండా వేసే మందు! బుచ్చన్న ఆ సంచికి దండం పెట్టాడు, నిజంగానే.

సోమవారం పొద్దున తువ్వాలు నడుముకు ఒడిలా కట్టి, అందులో పూసలు నింపుకున్నాడు. యూరియా చల్లడంలో సొంతూళ్ళో బుచ్చన్న చెయ్యికి పేరుంది. అడుగుకో గుప్పెడు, గుప్పెటకో విసురు. మడిలో ఒక మొక్కకు ఎక్కువ, ఒక మొక్కకు తక్కువ పడదు. వేరే వాళ్ళు పిలిచి మరీ చల్లించుకునేవాళ్ళు. మూడేళ్ళ తరువాత ఆ విసురు మళ్ళీ చేతికి వచ్చేసరికి అతనికి ఎంత హాయిగా ఉందో! గట్టు చుట్టూ నాలుగుసార్లు తిరిగి చల్లాడు. పూసలు తడికి చిటపటమన్నాయి, కాళ్ళ కింద గోరువెచ్చగా తగిలాయి. మందు పనిచేస్తోంది అనుకున్నాడు. అరచేతులు మండుతుంటే యూరియా కూడా మండుతుంది కదా అని ఊరుకున్నాడు.

మధ్యాహ్నానికి పూసలు కరిగిపోయాయి. గట్టు ఆరలేదు.

ఎండ నెత్తిన ఉంది. బట్టలు ఆరేస్తే గంటలో ఎండిపోతున్నాయి. గట్టు మాత్రం తడి తడిగా మెరుస్తోంది. కాలు పెడితే ఆముదం పోసినట్టు జర్రున జారుతోంది. గుడ్డతో తుడిచాడు. గంటకు మళ్ళీ చెమర్చింది. మందు చాలలేదనుకుని మంగళవారం ఇంకొన్ని ఒడుల పూసలు చల్లాడు. ఇంకా తడి. బుధవారం పైపు పెట్టి కడిగాడు. కాస్త నయం అనిపించింది. అయ్యో, నీళ్ళతో మందంతా పోయిందే అని మళ్ళీ చల్లాడు! చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది గానీ, అతన్ని ఏమనగలం? పక్కన అడగడానికి మనిషి లేడు. ఉన్నది ఆ బొమ్మలోని మనిషి ఒక్కడే. వాడేమో నవ్వుతూ నిలబడ్డాడు.

బుధవారం సాయంత్రానికి అరచేతుల్లో తోలు పొరలు పొరలుగా లేచింది. మిద్దె మీద ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. నీళ్ళ ట్యాంకరు మళ్ళీ శనివారం గాని రాదు. తెల్లారితే గురువారం. బుచ్చన్న మెట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి కూరగాయలు, మాంసం తీసుకుని బండిలో సత్యనారాయణ వచ్చాడు. అర్బాబ్ వాళ్ళ ఇంటి డ్రైవరు. అమలాపురం పక్క మనిషి, నలభై దాటాయి, ఇంటర్ దాకా చదివాడు. దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో మరో ఐదుగురు తెలుగువాళ్ళతో గదిలో ఉంటాడు. వారంలో బుచ్చన్నతో తెలుగు మాట్లాడే గొంతు అతనిదొక్కటే.

"అన్నా, నా బతుకు ఆగమైంది," అన్నాడు బుచ్చన్న గేటు తీస్తూనే.

సత్యనారాయణ గట్టు మీద కాలు పెట్టబోయి తూలి, ఖర్జూరం చెట్టు పట్టుకున్నాడు. "ఓరి నాయనో! నూనె డబ్బా గానీ ఒలకబోశావా ఏంట్రా?"

"నూనె కాదే. జారకుండ మందేసిన."

"ఏం మందు? ఏదీ, చూపించు."

సంచి తెచ్చి ముందు పడేశాడు. సత్యనారాయణ కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కో ముక్కా వేలితో పట్టుకుని చదివాడు. మొదట నవ్వాడు. చదువుతూ పోయేకొద్దీ నవ్వు ఆగిపోయింది.

"తమ్ముడూ, ఇది ఐసుని కరిగించే ఉప్పురా. కెనడాలో చలికాలం మెట్ల మీదా గట్ల మీదా ఐసు గడ్డకడుతుంది కదా, దాని మీద చల్లుతారు. నీ గట్టు మీద ఐసేదిరా?"

సత్యనారాయణ మళ్ళీ సంచి మీద వేలు పెట్టాడు.

"గజం నేలకి గుప్పెడు చాలన్నాడు. నువ్వెంత వేశావు?"

"సంచిన్నర."

"మాలక్ష్మీ! ఐసు కరిగాక మిగిలింది ఊడ్చి ఎత్తెయ్యాలిట, కడిగెయ్యాలిట. వదిలేస్తే నేల జారుతుందని ఇదిగో ఇక్కడ రాసి చచ్చాడు. ఒట్టి చేతుల్తో ముట్టుకోవద్దన్నాడు. మొక్కల్లోకి పోనివ్వొద్దన్నాడు. గాల్లో తడి లాక్కుంటుందిట." అని బుచ్చన్న చేతులు చూసి, "అయ్యో, అయ్యో" అన్నాడు.

"గాల్లకెంచి తడి గుంజుకుంటదా?" బుచ్చన్న ఆలోచించాడు. "వానకాలంల మా ఇంట్ల ఉప్పు పోసే మట్టి గురిగి గిట్లనే చెమ్మగిల్లుతది. అడుగున నీళ్ళు దిగుతయ్. అంటే నేను మూడొద్దుల సంది తడికే తిండి పెడుతున్ననా అన్నా?"

"పెట్టావు. కడుపునిండా పెట్టావు. కానీ ఇప్పుడేం చేద్దాం? వాళ్ళు మూడింటికల్లా దిగుతారు. నీళ్ళు మాఫీ అంటున్నావు."

నీళ్ళు లేవని ఎవరన్నారు? ఎదురుగా కొలను నిండా నీళ్ళే. ఆ మాట ముందు బుచ్చన్నకే తట్టింది. సత్యనారాయణ బండి కడిగేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు తెచ్చి బుచ్చన్న చేతులకు తానే ఎక్కించాడు. కరిగి కరగని పూసలను ముందు ఊడ్చి బకెట్టులో ఎత్తారు. తరువాత సత్యనారాయణ కొలనులోంచి బకెట్లతో తోడి పోస్తుంటే, బుచ్చన్న గట్టి చీపురుతో తోమి, వైపర్‌తో నెట్టాడు. నీళ్ళు మళ్ళీ కొలనులోకి పోకుండా, ఖర్జూరం పాదుల్లోకి పోకుండా, తిన్నగా గేటు బయటి ఇసుకలోకి. ఇరవై బకెట్లు, నలభై, అరవై. లెక్క తప్పింది. నడుములు విరిగిపోయాయి. కొలనులో నీళ్ళు బెత్తెడు కిందికి దిగాయి.

"ఎవరన్నా అడిగితే ఎండకి ఆవిరైపోయాయని చెప్పు," అన్నాడు సత్యనారాయణ రొప్పుతూ. డిసెంబరులో! ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ ఇంట్లో బుచ్చన్న అంతగా నవ్వింది ఆ ఒక్కసారే.

ఒకటిన్నరకు పాత దుప్పట్లతో తుడిచారు. రెండున్నరకు గట్టు పొడిగా, తెల్లగా ఆరింది. ఆ ఉప్పు పోవాలని తోమిన తోముడుకు సందుల్లోని పాకుడు కూడా పోయింది. బుచ్చన్న తడికాళ్ళతో నడిచి చూశాడు. రాయి పాదాన్ని పట్టుకుంది. అయినా భయం తీరక, ఖాళీ బియ్యం గోనెలు విప్పి, తలుపు నుంచి ఆయేషా కుర్చీ దాకా బాటలా పరిచాడు. ఊళ్ళో పెళ్ళికూతురికి కూడా అంత జాగ్రత్తగా పరచరు.

మూడున్నరకు వాళ్ళు అర్బాబ్ నడిపే బండిలో వచ్చారు. ఆయేషా చేతికర్ర పట్టుకుని గోనెల మీద నడిచింది. బుచ్చన్న ఆవిడ అడుగులు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. ఇరవై రెండో అడుగుకు ఆవిడ కుర్చీలో కూర్చుని, కాళ్ళు ఎండలోకి చాపి, "జైన్, జైన్," అంది. బాగుంది, బాగుంది అని. బుచ్చన్నకు ఆ క్షణంలో ఊరి బస్టాండు, మట్టి దారి, గుమ్మంలో నిలబడ్డ పిల్ల, అన్నీ ఒకదాని వెంట ఒకటి కనపడ్డాయి.

శుక్రవారం పొద్దున కూడా ఆవిడ రెండుసార్లు నడిచింది. అతని చేతులు చూసి, లోపలి నుంచి మందు సీసా తెప్పించి ఇచ్చింది. ఇదెలా అయిందని అడిగితే, "యుమ్మా కోసం, నేల కడిగితే" అని వచ్చిన అరబ్బీలో చెప్పాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కొడుకును పిలిచి చాలాసేపు మాట్లాడింది. బుచ్చన్నకు అందులో తన పేరు ఒక్కటే అర్థమైంది. మంచి మాటే చెబుతోంది అనుకున్నాడు. నిజమే, మంచి మాటే చెప్పింది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక అర్బాబ్ వచ్చాడు. తన చెప్పు గట్టు మీద రాసి చూసుకుని నవ్వాడు. బుచ్చన్న భుజం మీద చెయ్యి వేశాడు. హిందీలో, ఎంతో ప్రేమగా, ఇంత బాగా ఇంకెవరూ చూసుకోలేరన్నాడు. నువ్వు ఉంటేనే వస్తాను, లేకపోతే రానని అమ్మ అంటోందన్నాడు. చలికాలం పోనీ, ఎండాకాలం వెళ్దువు గాని అన్నాడు.

గట్టు తడిగా ఉంటే సెలవు లేదు. గట్టు ఆరినా సెలవు లేదు.

"అర్బాబ్, నేను నేర్పిస్త," అన్నాడు బుచ్చన్న. హిందీ తెలుగు కలిసిపోయాయి. "ఎవరికైనా నేర్పిస్త. రెండొద్దులల్ల వస్తది."

"ఎవరికి?" అన్నాడు అర్బాబ్. అడగడం నిజంగానే అడిగాడు.

పది అడుగుల దూరంలో సత్యనారాయణ బండిలోకి గిన్నెలు సర్దుతున్నాడు. మాట వినపడింది. చేతిలో గిన్నె చేతిలోనే ఆగింది. నాకు వచ్చు, రెండు నెలలు నేను చూసుకుంటాను అంటే చాలు. ఆ ఒక్క మాట. కానీ అంటే ఏమవుతుందో అతనికి తెలుసు. ఇవాళ రెండు నెలలంటారు. తరువాత దోహాకు ఇంకో డ్రైవరు వస్తాడు, తను ఈ గోడల మధ్య ఉండిపోతాడు. గదిలో ఐదుగురి కబుర్లు, సాయంత్రపు టీ, సందు చివరి టెలిఫోను, అన్నీ పోతాయి. సత్యనారాయణ తల వంచుకుని గిన్నె బండిలో పెట్టాడు. ఇంకో గిన్నె తీసుకున్నాడు.

బుచ్చన్న అతని వైపు చూశాడు. పేరు చెప్పలేదు. చెప్పి ఉండొచ్చు, నోటి చివరి దాకా వచ్చింది, మింగేశాడు.

"యల్లా," అన్నాడు అర్బాబ్, ఇక బయలుదేరదామని.

అందరూ బండెక్కాక సత్యనారాయణ ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నోరు పెగల్లేదురా తమ్ముడూ. నన్ను చెప్పుతో కొట్టు."

"ఊకో అన్నా. నీ జాగల నేనున్నా గంతే," అన్నాడు బుచ్చన్న. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. ఆలోచించే అన్నాడు. "ఒక్క పని చెయ్. దోహాల ఎవరన్న ఆర్మూరు దిక్కు పోతుంటే నా కేసెట్టు పంపియ్. కొద్దిగంత ఆగు."

గదిలోకి పరుగెత్తి టేపురికార్డరు ముందు కూర్చున్నాడు. బయట బండి హారను కొడుతున్నారు. మమత గొంతు ఉన్న కేసెట్టు పక్కన పెట్టి, కొత్తది వేసి, రెండు మీటలు కలిపి నొక్కాడు. ముందు గంగామణికి చెప్పాలనుకున్నాడు. చక్రాలు ఉత్తినే తిరుగుతున్నాయి. మళ్ళీ హారను మోగింది.

"మమతా, బిడ్డా," అన్నాడు చివరికి. "నేను... దుబాయ్ నాయిన మాట్లాడుతున్న. ఈ పాలి గూడ వస్తలేను బిడ్డా. పెద్దనాయినను నాయిన అంటున్నవంట గద. అమ్మ వద్దన్నా ఇనకు. అను బిడ్డా. పిలిస్తే పలికేటోన్నే నాయిన అను."

మీట ఎత్తి, కేసెట్టు తీసి, పరుగెత్తుకెళ్ళి సత్యనారాయణ చేతిలో పెట్టాడు. బండి వెళ్ళాక గేటుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పొద్దు వాలుతోంది, గాలిలో చెమ్మ తెలుస్తోంది. మళ్ళీ గురువారం యుమ్మా వస్తుందని, గోనెలు తడవకుండా ఎత్తి లోపల పెట్టాడు.